“మరి భార్య ఎవరు?”: దేవుని గురించి క్రైస్తవులు, ముస్లింలు ఒకరిపై ఒకరు పెంచుకున్న అపోహలు

మూడేళ్ల క్రితం రంజాన్ మాసంలో ఒక రాత్రి కువైట్ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడినామె నా పాత విద్యార్థికి మేనత్త. కడప జిల్లాకు చెందిన క్రైస్తవురాలు, అక్కడ ఒక ఇంట్లో వంటపని చేస్తున్నది. ఇఫ్తార్ ముగిశాక ఆమె గిన్నెలు కడుగుతుండగా ఆ ఇంటి పెద్దావిడ పక్కన కూర్చుని, “మీ దేవునికి కొడుకున్నాడంటారు కదా, మరి భార్య ఎవరు?” అని అడిగిందట. అందులో ఎగతాళి లేదు, తెలుసుకోవాలనే అడిగింది. ఈమెకు జవాబు తోచలేదు. “నేనేమీ మాట్లాడలేదు సార్. మాట్లాడకపోతే ప్రభువును కాదన్నట్టేనా?” అని ఫోన్‌లో ఏడ్చింది.

మతాల తులనాత్మక అధ్యయనం బోధించే నాకు ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఏటా ఎదురవుతుంది. రెండు మతాల వారి మధ్య మాట మొదలవకముందే తెగిపోయేలా చేసేది ఇదే కాబట్టి దీనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

అపోహ: దేవుడు శారీరకంగా కొడుకును కన్నాడని క్రైస్తవులు నమ్ముతారు.

వాస్తవం: క్యాథలిక్, ఆర్థొడాక్స్, ప్రొటెస్టెంట్ సంఘాలలో ఏదీ అలా బోధించదు. పెద్దావిడ అడిగిన ప్రశ్నకు మూలం ఖురాన్‌లోనే ఉంది: ఆయనకు సహచరియే లేనప్పుడు సంతానం ఎలా కలుగుతుందని సూరా (అధ్యాయం) అన్ఆమ్ 101వ ఆయత్ (వాక్యం) అడుగుతుంది. లాత్, ఉజ్జా, మనాత్ అనే దేవతలను కొలిచి, దేవునికి కుమార్తెలను అంటగట్టిన అరేబియాలో ఆ ప్రశ్నకు ఎంత పదును ఉండి ఉంటుందో ఊహించవచ్చు. అయితే ఆ తిరస్కారం వరకు క్రైస్తవ వేదాంతి కూడా అభ్యంతరం చెప్పడు. కుమారుడు దేవుడు సృజించిన మొదటి జీవి మాత్రమేనని అరియస్ అనే క్రైస్తవ మతగురువు వాదించినప్పుడు, 325లో బిషప్పుల నికయా సభ కుమారుడు వెలుగు నుంచి వచ్చిన వెలుగనీ, జనించినవాడే గాని సృజింపబడినవాడు కాడనీ తీర్మానించింది. వెలుగు లేని సూర్యుడు ఎన్నడూ లేనట్టే కుమారుడు లేని తండ్రీ ఎన్నడూ లేడని దాని భావం. అందులో కాలానికి గాని, దేహానికి గాని, స్త్రీకి గాని తావు లేదు. 1215లో క్యాథలిక్ సంఘపు నాలుగో లాటరన్ సభ, ఇస్లాంకు జవాబుగా కాక తమలో తమకు వచ్చిన వివాదంలోనే, దైవసారం (దేవుని స్వభావం) ఎవరినీ కనదు, ఎవరికీ జనించదు అని నిర్ణయించింది. ముస్లింలు నమాజులో తరచుగా చదివే “లమ్ యలిద్ వలమ్ యూలద్” (ఆయన ఎవరినీ కనలేదు, ఎవరికీ జనించలేదు) అనే ఆయత్ పక్కన ఈ వాక్యాన్ని నల్లబల్ల మీద రాసినప్పుడు తరగతి నిశ్శబ్దమైపోతుంది. రెండూ ఒకే మాట చెబుతున్నాయని నేను అనను, ఎందుకంటే ఆ సభ దైవసారం కనదని చెబుతూనే తండ్రి కుమారుణ్ణి కంటాడని కూడా చెప్పింది.

తెలుగులో చిక్కు ఇంకొంచెం ఎక్కువ. బైబిలు రెండో కీర్తనలో దేవుడు తన కుమారునితో అనే “నేడు నిన్ను కనియున్నాను” అనే మాట వినగానే మనకు పురిటిగదే గుర్తుకొస్తుంది. ఎవరో ఒక విద్యార్థి లేచి “మానసపుత్రుడు అనుకోవచ్చా సార్?” అని అడుగుతాడు. ఆ పోలిక అరియస్‌కు నచ్చేది గాని నికయా సభకు కాదు, మానసపుత్రుడు కూడా సృష్టిలోని వాడే గనుక.

దేవుని ఏకత్వం లోపల ఏముందనే ప్రశ్న క్రైస్తవులకే ప్రత్యేకమైన తలనొప్పి అనుకోవడం కూడా పొరపాటు. దేవుని వాక్కైన ఖురాన్ సృష్టమా, అనాదియా అన్న వివాదంలో ఖలీఫా మామూన్ 833లో పండితులను విచారణకు నిలబెట్టాడు. అది సృష్టమని ఒప్పుకోనందుకు అహ్మద్ ఇబ్న్ హంబల్ అనే పండితుడు చెర, కొరడా దెబ్బలు అనుభవించాడు. దైవగుణాలు దేవుడే అనీ అనలేము, దేవునికి వేరు అనీ అనలేము అని ఇస్లాం వేదాంతంలోని అష్అరీ శాఖ పండితులు చెప్పారు. గుణం వేరు, త్రిత్వంలో (ఒకే దేవునిలో ముగ్గురు అనే బోధలో) క్రైస్తవులు చెప్పే వ్యక్తి వేరు. కానీ వాక్కు గురించిన చిక్కు ఇద్దరికీ పరిచితమే.

మిగిలిన అపోహలకు ఇంత ఓపిక అక్కరలేదు. త్రిత్వంలో మరియమ్మ లేదు; తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అంతే. “అల్లాహ్” అన్నది అరబ్బీలో దేవుడనే మాట. అరబ్బీ బైబిలు తొలి వాక్యంలోనే అది ఉంది, మాల్టా క్యాథలిక్కులు నేటికీ “అల్లా” అనే ప్రార్థిస్తారు. అల్లాహ్ అంటే చంద్రదేవుడంటూ వాట్సాప్‌లో తిరిగే కథను నాకు పంపేవారు, సూర్యునికీ చంద్రునికీ సాష్టాంగపడవద్దన్న సూరా ఫుస్సిలత్ 37వ ఆయత్ ఒక్కసారి చదివి పంపితే బాగుండును. ముస్లింల దేవునికి ప్రేమ లేదనడం కూడా అంతే. ఖురాన్‌లోని 114 సూరాలలో ఒక్కటి తప్ప అన్నీ కరుణామయుని పేరుతోనే మొదలవుతాయి. “అల్ వదూద్”, అంటే ప్రేమించేవాడు, ఆయన నామాలలో ఒకటి. ఆయన్ను తండ్రి అని మాత్రం ముస్లిం పిలవడు, ఆ తేడా నిజమైనదే.

“అన్నీ ఒకటేనండీ” అని నవ్వేసేవారితోనూ నాకు పేచీ ఉంది. ముస్లింలు ఏకదేవుణ్ణే ఆరాధిస్తారని 1965లో ప్రకటించిన క్యాథలిక్కుల రెండో వాటికన్ మహాసభ, వారు యేసును ప్రవక్తగా గౌరవిస్తారు గాని దేవునిగా అంగీకరించరని కూడా ఆ వెంటనే రాసింది. సిలువ మరణాన్ని సూరా నిసా 157వ ఆయత్ కాదంటుంది. ఇంత పెద్ద భేదాన్ని నవ్వుతో చెరిపేయడం ఇద్దరినీ చిన్నబుచ్చడమే.

ఆ రాత్రి కువైట్‌లోని ఆమెకు నేను చెప్పినది చాలా చిన్న మాట: “ఊరుకోవడం పాపం కాదమ్మా. మా దేవునికి భార్య లేదు, మేమూ అలా అనము అని రేపు చెప్పండి.” పది రోజుల తర్వాత మళ్లీ ఫోన్ చేసింది, ఈసారి గొంతులో వణుకు లేదు. తనకు వచ్చిన అరకొర అరబ్బీలో చెప్పిందట. పెద్దావిడ కాసేపు ఆలోచించి, “సరే, భార్య లేదు. కానీ ఈసా (యేసు), ఆయన తల్లి, ఇద్దరూ అన్నం తిన్నారు కదా, ఆకలేసేవాడు దేవుడెలా అవుతాడు?” అని అడిగిందట. అది సూరా మాయిదా 75వ ఆయత్. ఇద్దరూ అసలు తేడా దగ్గరికి వచ్చేశారన్నమాట.

“ఏం చెప్పమంటారు సార్?”

“తిన్నాడనే చెప్పండి. మరణం నుంచి లేచిన తర్వాత కూడా కాల్చిన చేప ముక్క తిన్నాడని లూకా 24లో ఉంది. ఆయనకు ఆకలి లేదని మనం ఎన్నడూ అనలేదు.”