ఫార్మల్ హాల్ భోజనం: వడ్డించేవాళ్ల వైపు నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

ఆక్స్‌ఫర్డ్‌లో ఓ పాత కాలేజీ డైనింగ్ హాల్లో వడ్డన పని చూసుకుంటాను. అక్టోబరులో చదువులు మొదలయ్యాయంటే చాలు, ఎవరో ఒక తెలుగు కుర్రాడో అమ్మాయో నా నంబరు సంపాదించి ఫోన్ చేస్తారు. "అన్నా, ఫార్మల్‌కి రమ్మన్నారు. ఏం వేసుకోవాలి, ఎలా తినాలి?" ఫార్మల్ అంటే కాలేజీ హాల్లో పద్ధతి ప్రకారం వడ్డించే రాత్రి విందు. వాళ్ల భయాల్లో సగం సినిమాల నుంచి వచ్చినవి, సగం సీనియర్లు ఏడిపించడానికి ఎక్కించినవి. గైడ్లు టూరిస్టులకు చెప్పే కథలు వీటికి అదనం. ఎక్కువగా వినబడేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: హ్యారీ పాటర్ భోజనశాల సీన్లు ఆక్స్‌ఫర్డ్ క్రైస్ట్ చర్చ్ కాలేజీ హాల్లోనే తీశారు.

హాలుకు ఎక్కే మెట్ల దగ్గర తీశారు, అది నిజమే. లోపలి హాలు మాత్రం లండన్ దగ్గర లీవ్స్‌డెన్ స్టూడియోలో వేసిన సెట్. క్రైస్ట్ చర్చ్ హాలును చూసి దాన్ని కట్టుకున్నారు. అసలు హాలు 1520లలో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి కార్డినల్ వూల్సీ కట్టించింది. అందులో విద్యార్థులు ఇప్పటికీ భోంచేస్తారు కాబట్టి ఆ వేళకు టూరిస్టులను బయట ఆపేస్తారు. ఆపినప్పుడు కొందరు వాదిస్తారు కూడా, టికెట్ కొన్నాం కదా అని!

అపోహ: ఇదంతా ఎనిమిది వందల ఏళ్లుగా ఇలాగే జరుగుతోంది.

గోడలు పాతవే. కేంబ్రిడ్జ్‌లో పీటర్‌హౌస్ 1284లో మొదలైంది, వాళ్ల హాలు ఆ తర్వాత కొన్నేళ్లకే లేచింది. ఆ గోడల మధ్య జరిగేది మాత్రం చాలాసార్లు మారింది. పదహారో శతాబ్దంలో ముఖ్యమైన భోజనం పొద్దున పది, పదకొండు గంటలకే అయిపోయేది. అది కొద్దికొద్దిగా జరుగుతూ వచ్చి, పంతొమ్మిదో శతాబ్దానికి గానీ సాయంత్రానికి చేరలేదు. వంటకాలన్నీ ఒకేసారి బల్ల మీద పెట్టకుండా ఒకటి తర్వాత ఒకటి వడ్డించడం కూడా ఆ శతాబ్దంలో పాకిన ఫ్యాషనే. అంటే ఇప్పుడు జనం "మధ్యయుగాల నాటి" దంటూ మురిసిపోయే మూడు కోర్సుల రాత్రి డిన్నరు విక్టోరియా రాణి కాలపు సరుకు.

హాల్లో వేదిక లాంటి ఎత్తు మీద అడ్డంగా ఉండేది హై టేబుల్. అక్కడ కూర్చునే ఫెలోలు, అంటే కాలేజీలో పాఠాలు చెప్పే, పరిశోధన చేసే పెద్దలు, రోజూ కాలేజీలోనే ఎందుకు తినేవాళ్లో తెలుసా? వాళ్లలో చాలామందికి పెళ్లి చేసుకునే హక్కు లేదు. పెళ్లయితే ఫెలోషిప్ పోయేది. 1877 నాటి చట్టం, దాన్ని అనుసరించి 1882లో వచ్చిన కొత్త నియమావళులు ఆ కట్టు విప్పాయి. పెళ్లిళ్లయ్యాయి, ఊళ్లో ఇళ్లు లేచాయి, రాత్రి పూట హై టేబుల్ పలచబడింది. ఈరోజుకీ నా సీటింగ్ ప్లాన్‌లో హై టేబుల్ పేర్లు సాయంత్రం దాకా మారుతూనే ఉంటాయి. పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చుకోవాల్సినవాళ్లు మరి.

కింద బల్లల దగ్గర అంతా సమానమే అనుకోవడమూ తప్పే. డబ్బున్న ఇళ్ల కుర్రాళ్లు ఎక్కువ ఫీజు కట్టి ఫెలోలతో సమానంగా కూర్చునేవాళ్లు. లేనివాళ్లు ఫీజు తగ్గింపు కోసం తోటి విద్యార్థులకే సేవ చేసి, హాల్లో మిగిలింది తినేవాళ్లు. అలాంటివాళ్లను కేంబ్రిడ్జ్‌లో సైజర్లనీ ఆక్స్‌ఫర్డ్‌లో సర్విటర్లనీ పిలిచేవారు. 1661లో కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో చేరిన ఐజాక్ న్యూటన్ ఆ వర్గంలోని సబ్‌సైజర్. మా కుర్రాళ్లు పళ్లేలు ఎత్తుతూ విసుక్కున్నప్పుడల్లా ఈ మాట గుర్తు చేస్తుంటాను. పెద్దగా పనిచేయదు.

ఆడవాళ్ల సంగతి ఇంకా దగ్గరిది. ఆక్స్‌ఫర్డ్ ఆడవాళ్లకు డిగ్రీ ఇచ్చింది 1920లో, కేంబ్రిడ్జ్ 1948లో. మగవాళ్ల కాలేజీల తలుపులు తెరుచుకున్నది కేంబ్రిడ్జ్‌లో 1972 నుంచి, ఆక్స్‌ఫర్డ్‌లో 1974 నుంచి. కేంబ్రిడ్జ్ మాడ్లెన్ కాలేజీ అయితే 1988 దాకా ఆగింది. ఆ రోజు అక్కడి కుర్రాళ్లు కొందరు చేతికి నల్ల రిబ్బన్లు కూడా కట్టుకున్నారు. హాళ్ల గోడల నిండా మగవాళ్ల పటాలే ఎందుకని అడిగేవాళ్లకు ఇదే జవాబు. ఆక్స్‌ఫర్డ్‌లోని హార్ట్‌ఫర్డ్ కాలేజీ 2014లో తన హాల్లోని ఆ పటాలన్నీ దింపి, తమ దగ్గర చదివిన, పనిచేసిన ఆడవాళ్ల ఫోటోలు పెట్టింది.

అపోహ: శాకాహారులకు అక్కడ ఉడకేసిన క్యారెట్టే గతి.

మా అమ్మానాన్నల తరం భయం ఇది, అప్పట్లో సబబే. శ్రీనివాస రామానుజన్ ట్రినిటీలో ఉన్న రోజుల్లో హాలు భోజనం జోలికి పోకుండా గదిలోనే వండుకునేవాడు. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936లో ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్‌గా, ఆల్ సోల్స్ కాలేజీ ఫెలోగా వచ్చారు. ఆయనా శాకాహారే. ఇప్పుడు శాకాహారం ప్రతి మెనూలో ఉంటుంది, కొన్ని రాత్రులు మాంసం కన్నా దాని ఆర్డర్లే ఎక్కువ.

అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. ఇంగ్లండ్‌లో వెజిటేరియన్ అంటే గుడ్డు తినేవాళ్లని అర్థం. బుకింగ్ ఫారంలో ఊరికే "వెజిటేరియన్" అని టిక్ పెడితే గుడ్డు వేసిన పాస్తా, గుడ్డు వేసిన పుడ్డింగ్ వస్తాయి. వంటవాడి తప్పేం లేదు. గుడ్డు తినకపోతే కింద గడిలో "నో ఎగ్" అని విడిగా రాయండి. వీగన్ టిక్ పెడితే గుడ్డు గొడవ ఉండదు గానీ పాలు, వెన్న, జున్ను కూడా పోతాయి. పన్నా కోటా అనే మీగడ తీపిలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. అసలు పార్మెజాన్ చీజ్‌కి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు. వోర్స్టర్‌షైర్ సాస్‌లో సాధారణంగా చిన్న చేపలు పడతాయి. పట్టింపు ఉంటే ఈ మూడూ అడగండి. చట్టప్రకారం మేం చెప్పి తీరాల్సిన అలర్జీ పదార్థాలు పద్నాలుగు. గుడ్డు, పాలు, చేపలు ఆ పట్టీలో ఉన్నాయి, జెలటిన్, రెన్నెట్ లేవు. అడగనిదే వాటి సంగతి బయటకు రాదు.

చెప్పేది ముందుగా చెప్పాలి. బుకింగ్ గడువు దాటాక కిచెన్‌కి లిస్టు వెళ్లిపోతుంది. సూప్ గిన్నె ముందు పెట్టుకుని "నేను గుడ్డు తినను" అంటే నా చేతిలో మిగిలేది సలాడే.

ఇంకొకటి. "కేంబ్రిడ్జ్‌లో బీఫ్ ఎత్తేశారట కదా" అని అడుగుతుంటారు. 2016లో బీఫ్, గొర్రె మాంసం ఆపేసింది యూనివర్సిటీ సొంతంగా నడిపే కెఫేలు. కాలేజీల కిచెన్లు వేరు, వాటి మెనూలు వాటివే.

అపోహ: ప్రార్థన చేయకపోతే, కత్తీ ఫోర్కూ తప్పు పట్టుకుంటే పరువు పోతుంది.

మన బంతి భోజనంలో పెద్దలు లేచేదాకా ఎవరూ ఆకు ముందు నుంచి లేవరు చూడండి, ఇక్కడి మర్యాద కూడా దాదాపు అంతే. హై టేబుల్‌వాళ్లు వస్తుంటే లేచి నిలబడాలి, వాళ్లు వెళ్లేటప్పుడూ అంతే. తినడం మొదలుపెట్టే ముందు గ్రేస్ అనే లాటిన్ ప్రార్థన ఉంటుంది. చాలాచోట్ల "బెనెడిక్టస్ బెనెడికాట్" అని రెండు మాటలతో సరి. ఆక్స్‌ఫర్డ్‌లోని యూనివర్సిటీ కాలేజీలో మాత్రం బాగా పొడుగ్గా సాగుతుంది. మీరేమీ పలకనక్కర్లేదు, మౌనంగా నిలబడితే చాలు. ఆ సమయంలో తలుపు వెనక మేం వేడి పళ్లేలు చేతులు మార్చుకుంటూ ఆమెన్ కోసం చెవులు రిక్కించి నిలబడి ఉంటాం. గ్రేస్ పొడుగైతే మా వేళ్లు కాలతాయి, మీ సూప్ చల్లారుతుంది.

కత్తులూ ఫోర్కులూ బయటి వైపు నుంచి లోపలికి వాడుకుంటూ రావాలి. పళ్లేనికి పైన అడ్డంగా పెట్టినవి చివర తీపికి. బ్రెడ్ రోల్‌ను మాత్రం కత్తితో కోయకూడదు, చేత్తో తుంచుకోవాలి. మన తెలుగువాళ్లు సహజంగానే సరిగ్గా చేసే పని ఇదొక్కటే! మిగతావి తప్పుచేసినా ఎవరూ చూడరు. మేం చూస్తాం గానీ, చూసేది ఫోర్కు పట్టును కాదు. కత్తీ ఫోర్కూ పక్కపక్కన చేరాయా లేదా అని చూస్తాం. చేరితే పళ్లెం తీసేస్తాం. తింటూ మధ్యలో ఆగితే రెంటినీ విడివిడిగా పెట్టండి, లేకపోతే సగం భోజనం పోతుంది.

మామూలు బట్టల మీద తొడుక్కునే విద్యార్థి గౌను సంగతి కాలేజీని బట్టి. కొన్నిచోట్ల తప్పనిసరి, కేంబ్రిడ్జ్ కింగ్స్ లాంటి చోట్ల అక్కర్లేదు. లేకపోతే స్నేహితుల దగ్గర అరువు తెచ్చుకోవచ్చు. పరీక్షలకు వేసుకునే సబ్‌ఫస్క్ దీనికి మామూలుగా అవసరం ఉండదు. చీర మీద గౌను వేసుకుని హాయిగా రావచ్చు, కాకపోతే బల్ల మీద కొవ్వొత్తులుంటాయి కాబట్టి పైట కుచ్చిళ్లు పిన్ను చేసుకోండి. గౌను పొడుగు చేతులు సూప్‌లో మునగడం మాత్రం ఇంగ్లీషువాళ్లకే ఎక్కువ జరుగుతుంది.

అపోహ: మన గ్లాసులో ఎవరైనా పెన్నీ నాణెం వేస్తే గటగటా తాగేయాల్సిందే.

అది విద్యార్థుల ఆట, కాలేజీ సంప్రదాయం కాదు. చాలా కాలేజీలు నిషేధించాయి, నాణెం గొంతులో అడ్డుపడే ప్రమాదం కూడా ఉంది. తాగనివాళ్లు నీళ్లు తాగుతూ కూర్చోవచ్చు. గాంధీ లండన్‌లో బారిస్టరు చదువుతున్నప్పుడు ఇన్నర్ టెంపుల్ అనే న్యాయవాదుల సంస్థలో ఇలాంటి డిన్నర్లే తినాల్సి వచ్చేది. నలుగురికి రెండు సీసాల వైన్ ఇచ్చేవారు. ఆయన ముట్టరు గనక ఆయన్ను తమ నలుగురిలో చేర్చుకోవడానికి తోటివాళ్లు పోటీ పడేవాళ్లట.

మిగతా కథలు, త్వరత్వరగా

కేంబ్రిడ్జ్ సెయింట్ జాన్స్ కాలేజీ ఫెలోలు హంస మాంసం తింటారన్నది బాగా అమ్ముడుపోయే కథ. పాతకాలపు విందుల్లో హంసలు వడ్డించిన మాట నిజం. ఇప్పుడు 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి హంసను చంపడం నేరం. పైన చక్కెర కాల్చి వడ్డించే కస్టర్డ్ తీపి క్రెమ్ బ్రూలే ట్రినిటీలో పుట్టిందంటారు. 1879లో అక్కడ కాలేజీ ముద్ర కాల్చి వేసి వడ్డించడం మొదలుపెట్టారు గానీ, ఫ్రెంచి వంట పుస్తకంలో అది 1691 నాటికే ఉంది. పరీక్ష హాల్లో పాత రూలు చూపించి కేకూ బీరూ తెప్పించుకున్న విద్యార్థికి, నడుముకు ఖడ్గం కట్టుకుని రాలేదని జరిమానా వేశారనే కథ ఒట్టి కల్పన. నాకు మాత్రం ఇష్టం.

అపోహ: బయటివాళ్లను గడప తొక్కనివ్వరు.

టికెట్ కొని ఫార్మల్‌కి రాలేరు, నిజమే. కాలేజీ సభ్యులెవరైనా అతిథిగా తీసుకొస్తే రావచ్చు. మీ పిల్లలు ఇక్కడ చదువుతుంటే వాళ్ల పేరు మీద అతిథి సీటు అడగమనండి. పేరుతో పాటు తిండి పట్టింపులు కూడా అదే ఫారంలో రాయించండి. ఎవరూ తెలియకపోతే సెలవుల్లో చాలా కాలేజీలు గదులు అద్దెకిస్తాయి. వాటిలో కొన్నిచోట్ల పొద్దున టిఫిను అదే హాల్లో, అవే పటాల కింద పెడతారు. ఆ వేళలో గౌనూ లాటినూ ఏమీ ఉండవు. చీజ్ ఆమ్లెట్ బాగుంటుంది, గుడ్డు తినేవాళ్లకైతే.