నెలసరి ఆగితే ‘మామూలే’ అన్న మాట ఎలా తప్పని తేలింది

కష్టపడి ప్రాక్టీస్ చేసే క్రీడాకారిణికి నెలసరి ఆగిపోతే చాలాకాలం పాటు ఆమెకు వినిపించిన జవాబు ఒక్కటే: ‘అంత ట్రైనింగ్ చేస్తుంటే మామూలే, కంగారు పడకు.’ నెలనెలా పడే ఇబ్బంది తప్పిందని ఊపిరి పీల్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ జవాబు తప్పని ప్రయోగశాలలో నిరూపించడానికి కొందరు మహిళా శాస్త్రవేత్తల జీవితకాలం పట్టింది. వ్యాయామం, పోషణ, స్త్రీ ఆరోగ్యం అనే మూడు విషయాలు ఈరోజు విశ్వవిద్యాలయాల్లో ఒకే పరిశోధన రంగంగా నిలబడ్డాయంటే ఆ పని వల్లే.

కథ 1873లో మొదలవుతుంది. హార్వర్డ్‌లో పాఠాలు చెప్పిన ఎడ్వర్డ్ క్లార్క్ అనే డాక్టరు ఆ ఏడాది ఒక పుస్తకం రాశాడు. ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా చదివితే శరీరంలోని శక్తంతా మెదడుకు పోయి గర్భాశయం, అండాశయాలు దెబ్బతింటాయని, నెలసరి రోజుల్లో విశ్రాంతి తప్పనిసరని ఆయన వాదన. ఆధారంగా చూపించింది తను చూసిన కొద్దిమంది రోగులనే. న్యూయార్క్‌లో వైద్యం చేస్తున్న మేరీ పట్నమ్ జాకోబీ దీనికి లెక్కలతో జవాబు చెప్పింది. వెయ్యి ప్రశ్నపత్రాలు పంపితే 268 మంది స్త్రీలు బదులిచ్చారు. కొందరికి నెల పొడవునా నాడిని గీతలుగా గీసే పరికరం పెట్టి చూసింది, కండబలం కొలిచింది. 1876లో ఆ వ్యాసానికి హార్వర్డ్ వారి బాయిల్‌స్టన్ బహుమతి వచ్చింది. విశేషమేమిటంటే అప్పటికి హార్వర్డ్ వైద్య కళాశాలలో ఆడవాళ్లకు ప్రవేశమే లేదు.

జాకోబీ తేల్చిన విషయంలో ఒక షరతు ఉంది. పోషణ నిజంగా సరిగ్గా ఉన్న స్త్రీకి నెలసరిలో విశ్రాంతి అవసరమని చెప్పడానికి ఏ కారణమూ లేదని ఆమె రాసింది. ‘పోషణ సరిగ్గా ఉంటే’ అన్న ఆ మూడు మాటలే అసలు తాళంచెవి అని నాకనిపిస్తుంది. తర్వాతి వందేళ్లలో దాన్ని పట్టించుకున్నవాళ్లు అరుదు.

ఈలోపు క్లార్క్ ఆలోచన ఆటస్థలాల మీదికొచ్చింది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు తొలిసారి 800 మీటర్ల పరుగు పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాట్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో గెలిచింది. పరుగు అయ్యాక కొందరు అలసటతో గడ్డి మీద పడుకున్నారు. మగవాళ్లూ చేసే పనే అది. పత్రికలు మాత్రం ఆడవాళ్లు కుప్పకూలిపోయారని గోలపెట్టాయి. ఆ పోటీని ఎత్తేశారు, మళ్లీ 1960లో గానీ పెట్టలేదు. అన్నేళ్ల పాటు ఒలింపిక్స్‌లో ఆడవాళ్లు 200 మీటర్లకు మించి పరుగెత్తే వీలే లేకపోయింది. ఎక్కువ దూరం పరుగెత్తే స్త్రీలే లేకపోతే వాళ్ల శరీరం మీద పరిశోధన ఎక్కడి నుంచి వస్తుంది?

1970ల్లో మారథాన్‌ల తలుపులు తెరుచుకున్నాక నెలసరి ఆగిన రన్నర్లు డాక్టర్ల దగ్గరికి రావడం మొదలైంది. ఒంట్లో కొవ్వు ఒక స్థాయి కన్నా తగ్గితే నెలసరి ఆగుతుందని 1974లో హార్వర్డ్ శాస్త్రవేత్త రోజ్ ఫ్రిష్ ప్రతిపాదించింది. అది బాగా ప్రచారమైంది. అయితే అంతే సన్నగా ఉండి నెలనెలా సక్రమంగా నెలసరి వచ్చే క్రీడాకారిణులూ ఉన్నారు. అక్కడే ఆ వాదనకు లెక్క కుదరలేదు.

అందరినీ ఉలిక్కిపడేలా చేసింది 1984లో వ్యాయామ శాస్త్రవేత్త బార్బరా డ్రింక్‌వాటర్ బృందం ప్రచురించిన చిన్న అధ్యయనం. నెలసరి ఆగిన 14 మంది, సక్రమంగా వస్తున్న 14 మంది క్రీడాకారిణుల ఎముకలను పోల్చి చూశారు. మొదటి గుంపు సగటు వయసు 25 ఏళ్లు కూడా లేదు. వాళ్ల వెన్నెముక సాంద్రత మాత్రం 51 ఏళ్ల స్త్రీకి ఉండేంతే ఉంది. పాతికేళ్ల ఒంట్లో యాభై దాటిన వెన్నెముక! నెలసరి ఆగడమంటే ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ పడిపోవడం, ఈస్ట్రోజెన్ లేకపోతే ఎముక అరుగుదలను ఆపేదెవరు? రెండేళ్ల తర్వాత వచ్చిన మరో అధ్యయనంలో, నెలసరి తిరిగి మొదలైన వాళ్లకు ఎముక సాంద్రత కొంత పెరిగినట్టు తేలింది. తర్వాత డ్రింక్‌వాటర్ అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌కు తొలి మహిళా అధ్యక్షురాలైంది.

నెలసరి ఆగడానికి కారణం వ్యాయామమా, టెన్షనా, తిండా? దీన్ని విడదీసింది ఒహాయో విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్ లౌక్స్. ఆమె ప్రయోగాల తీరు చూస్తే ఈ రంగంలో ఎంత ఓపిక కావాలో తెలుస్తుంది. ఎంచుకున్నది క్రీడాకారిణులను కాదు, నెలసరి సక్రమంగా ఉన్న మామూలు యువతులను. అందరూ అయిదు రోజులు ఒకే మోతాదులో వ్యాయామం చేశారు, తిండి మాత్రం కొలిచి వేరువేరు స్థాయుల్లో ఇచ్చారు. చివర్లో 24 గంటల పాటు, ప్రతి 10 నిమిషాలకోసారి రక్తం తీశారు. అండం విడుదలకు కావలసిన ఎల్‌హెచ్ హార్మోన్ ఉండుండి ఒక్కో అలగా వస్తుంది, అలల మధ్య ఎడం తెలియాలంటే అంత తరచుగా తీయక తప్పదు. వ్యాయామానికి ఖర్చయిన శక్తిని తిండితో పూడ్చినప్పుడు అలలు పెద్దగా చెదరలేదని 1998లో ఆమె బృందం చూపించింది. కొవ్వు తీసేసిన ఒంటి బరువులో కిలోకు రోజుకు 30 కేలరీల కన్నా తక్కువ మిగిలినప్పుడు అలలు నెమ్మదిస్తాయని 2003లో తేలింది.

లెక్క వేసి చూద్దాం. కొవ్వు కాకుండా 44 కిలోలున్న అమ్మాయి 1,800 కేలరీలు తిని, 600 కేలరీలు పరుగులో ఖర్చు చేస్తే మిగిలేది 1,200. కిలోకు 27. ఆమె కడుపు మాడ్చుకోవడం లేదు, మూడు పూటలా తింటోంది, ఆకలి కూడా అనిపించకపోవచ్చు. అయినా మెదడులోని హైపోథాలమస్ ‘ఇంట్లో సరుకు లేదు’ అని పసిగట్టి పునరుత్పత్తి పనిని పక్కన పెట్టేస్తుంది. ఆ 30 అనే గీత అందరికీ ఒకేలా ఉండదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి, సూత్రం మాత్రం నిలబడింది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీన్ని మగవాళ్లకూ వర్తింపజేసి కొత్త పేరు పెట్టింది.

ఇంత తెలిసినా పరిశోధనల్లో పాల్గొనే ఆడవాళ్ల వాటా ఎందుకు పెరగలేదు? 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, గర్భం దాల్చే వీలున్న స్త్రీలను తొలిదశ మందుల పరీక్షల నుంచి తప్పించమంది, ఆ నియమం 1993 దాకా సాగింది. వ్యాయామ శాస్త్రంలో అలాంటి నిషేధమేమీ లేదు. అక్కడ అడ్డుపడింది సౌలభ్యం. నెలలో హార్మోన్లు మారుతుంటాయి కాబట్టి లెక్క చిక్కుపడుతుందని మగ విద్యార్థులతో పని కానిచ్చేవారు. 2011 నుంచి 2013 దాకా మూడు ప్రముఖ వ్యాయామ శాస్త్ర పత్రికల్లో వచ్చిన 1,382 పరిశోధనలను లెక్కపెడితే, పాల్గొన్నవారిలో స్త్రీలు 39 శాతమే.

ఈ రంగంలోకి ఇప్పుడొచ్చే యువ పరిశోధకురాలికి చిక్కులు వేరే ఉన్నాయి. క్యాలెండర్ చూసి ‘ఈమె చక్రంలో రెండో సగంలో ఉంది’ అనుకుంటే సరిపోదు, అండం విడుదలైందో లేదో మూత్ర పరీక్షతోనూ, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్‌ను రక్త పరీక్షతోనూ నిర్ధారించాలి. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లను వేరుగా చూడాలి. గ్రాంటు రెండుమూడేళ్లకు వస్తుంది, ఎముక కథ తేలడానికి పదేళ్లు చాలవు. 2020లో 78 అధ్యయనాలను సమీక్షించినవాళ్లకు నెలసరి చక్రం ఆటతీరు మీద చూపే ప్రభావం చాలా స్వల్పంగానే కనిపించింది, పైగా వాటిలో ఎక్కువ అధ్యయనాల నాణ్యత తక్కువేనని వాళ్లే రాశారు. అందుకే అందరికీ ఒకే సలహా ఇవ్వకుండా, ఒక్కొక్కరినీ విడిగా చూడమన్నారు.