రాత్రి షిఫ్టు: నిషేధం పోయింది, షరతులు ఎక్కడున్నాయి?

2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి రావడంతో మహిళల రాత్రి షిఫ్టు వివాదం మళ్లీ రాజుకుంది. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 43వ సెక్షన్ ప్రకారం మహిళలు అన్ని సంస్థల్లో అన్ని రకాల పనులూ చేయవచ్చు. ఉదయం 6 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత వారితో పని చేయించుకోవాలంటే మాత్రం వారి సమ్మతి ఉండాలి, ప్రభుత్వం నిర్దేశించే షరతులను యాజమాన్యం పాటించాలి. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం అంతకు ముందే, 2025 జూన్‌లో, రోజువారీ పనిగంటలను 9 నుంచి 10కి పెంచుతూ తీసుకున్న నిర్ణయంతో పాటే మహిళల రాత్రి పనికీ ఆమోదం తెలిపింది. ఈ రెండూ ఒకే నిర్ణయంలో రావడం వల్లే, ఇది స్త్రీల హక్కు కోసం వచ్చిన మార్పా లేక యంత్రాలు ఆగకుండా తిరగడం కోసం వచ్చిన మార్పా అన్న కార్మిక సంఘాల ప్రశ్నకు బలం చేకూరింది.

మహిళల రాత్రి పనిని నిషేధించిన 1906 నాటి బెర్న్ ఒప్పందం, 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తొలి సమావేశంలోనే చేసిన తీర్మానం, వాటి ఒరవడిలో మన ఫ్యాక్టరీల చట్టాల్లోకి వచ్చిన నిషేధం తరచుగా చెప్పుకునే సంగతులే కనుక ఇక్కడ వాటి జోలికి పోనక్కరలేదు. అయితే 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్‌ను ఒకసారి పూర్తిగా చదవాలి. మహిళలు ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకే పనిచేయాలని, రాష్ట్రాలు ఆ వేళలను కొంత సడలించినా రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు వారిని పనిలో పెట్టుకునే వీలు కల్పించకూడదని అది చెప్పింది. ఆ వెంటనే, చేపలను నిల్వచేసే, డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల్లో సరుకు పాడైపోకుండా ఉండేందుకు అవసరమైతే మినహాయింపు ఇవ్వవచ్చని కూడా చెప్పింది. 1951 నాటి తోటల కార్మికుల చట్టమూ రాత్రి పనిని కట్టడి చేస్తూనే మంత్రసానులను, నర్సులను ఆ కట్టడి నుంచి తప్పించింది. సరుకు చెడిపోతుందన్నప్పుడు, రోగి మంచం పక్కన మనిషి కావలసినప్పుడు స్త్రీకి రాత్రి ప్రమాదకరమన్న వాదన పక్కకు తప్పుకునేది. కాస్త మెరుగైన కూలి దొరికే మరమగ్గం దగ్గర మాత్రం అదే వాదన ముందుకొచ్చేది.

అసలు మలుపు 2000 డిసెంబరులో మద్రాసు హైకోర్టు వసంత కేసులో ఇచ్చిన తీర్పు. నేటి వివాదంలోని రెండు పక్షాల వాదనలూ అక్కడే మొదలయ్యాయి. జౌళి మిల్లుల కార్మికురాళ్లతో పాటు మిల్లుల యాజమాన్యాలు కూడా 66వ సెక్షన్‌లోని రాత్రి నిషేధాన్ని సవాలు చేశాయి. మిల్లులు మూడు షిఫ్టుల్లో నడుస్తున్నప్పుడు మూడో షిఫ్టుకు రాలేని మనిషిని పనిలోకి తీసుకోవడానికి యాజమాన్యం వెనుకాడుతుంది. కార్మికురాలికి అది ఉద్యోగం పోయే సమస్య. యాజమాన్యానికి మాత్రం అది మనుషులు దొరకని సమస్య. ఇద్దరూ కోర్టును కోరింది ఒకటే అయినా కోరిన కారణాలు వేరు, ఆ తేడాను తర్వాతి పాతికేళ్లలో చాలామంది మరచిపోయారు.

స్త్రీల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయడానికి రాజ్యాంగం 15(3) అధికరణం అనుమతిస్తుంది కదా అన్నది ప్రభుత్వ వాదన. ఆ అధికరణం స్త్రీలకు మేలు చేయడానికే తప్ప వారికి అవకాశాలు మూసేయడానికి కాదన్న దృష్టితో హైకోర్టు నిషేధాన్ని కొట్టివేసింది. అంతటితో ఊరుకోకుండా, చట్టం సవరించే వరకు పాటించాలంటూ కొన్ని షరతులు కూడా పెట్టింది: మహిళలను ఒంటరిగా కాక బృందంగా షిఫ్టులో ఉంచాలి, రాకపోకలకు వాహనం ఏర్పాటు చేయాలి, రెండు షిఫ్టుల మధ్య తగిన విశ్రాంతి ఇవ్వాలి. తర్వాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, 2013లో గుజరాత్ హైకోర్టు కూడా ఇదే నిషేధాన్ని రద్దు చేశాయి. అనుమతి, షరతులు విడదీయరానివిగా మద్రాసు తీర్పులో ఉండగా, ఆ తర్వాత జరిగినదంతా వాటిని ఒకదాని నుంచి మరొకదాన్ని విడదీయడమే.

తీర్పు వెలువడిన దశాబ్దంలోనే తమిళనాడు నూలు మిల్లుల్లో ‘సుమంగళి’ వంటి పథకాల కింద పెళ్లికాని అమ్మాయిలు ఎలా పనిచేస్తున్నారో పలు పరిశోధనలు బయటపెట్టాయి. మిల్లు ఆవరణలోనే హాస్టలు, బయటకు వెళ్లాలంటే అనుమతి, గడువు పూర్తయితేనే చేతికొచ్చే మొత్తం, రాత్రి షిఫ్టులు. అటువంటి చోట సమ్మతి పత్రం మీద సంతకం ఉందా అని అడగడం వల్ల తెలిసేది చాలా తక్కువ. మహిళలకు అవకాశాలు పెరుగుతాయని, ఐటీ రంగంలో ఇది ఎప్పటినుంచో సాఫీగా సాగుతోందని పరిశ్రమ వర్గాలు అంటాయి. ఐటీ అనుభవమూ అంత సాఫీగా ఏమీ లేదు. 2005 డిసెంబరులో బెంగళూరులో రాత్రి విధులకు బయలుదేరిన ఒక కాల్‌సెంటర్ ఉద్యోగిని క్యాబ్ డ్రైవరు చేతిలో హత్యకు గురైంది. ఉద్యోగినుల భద్రతకు ఏర్పాట్లు చేయలేదంటూ కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం కింద సంస్థ ఉన్నతాధికారిపై పెట్టిన కేసును కొట్టివేయడానికి సుప్రీంకోర్టు 2008లో నిరాకరించింది. భద్రతా ఏర్పాట్లు చేయకపోవడమనే ఆ నేరానికి చట్టంలో ఉన్నది కొద్దిపాటి జరిమానా మాత్రమే. యాజమాన్యం సమకూర్చే రవాణా కూడా పనిప్రదేశంలో భాగమేనని చట్టంలో స్పష్టంగా రాయడానికి 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం వరకు ఆగవలసి వచ్చింది.

షరతులను చట్టంలోనే రాసే అవకాశం ఒకసారి వచ్చింది. 2005లో లోక్‌సభ ముందుకు వచ్చిన ఫ్యాక్టరీల చట్ట సవరణ బిల్లు రాత్రి పనికి దారి తెరుస్తూనే భద్రత, గౌరవం, సమాన అవకాశాలతో పాటు ఫ్యాక్టరీ నుంచి ఇంటి సమీపం దాకా రవాణాను కూడా సెక్షన్‌లోనే పేర్కొంది. ఆ బిల్లు చట్టం కాలేదు. 2020లో పార్లమెంటు ఆమోదించి ఇప్పుడు అమల్లోకి వచ్చిన కోడ్‌లో అనుమతి మాత్రం సెక్షన్‌లో స్థిరపడింది, షరతుల వివరాలు ప్రభుత్వాలు చేసే నియమాలకు వెళ్లిపోయాయి. పార్లమెంటు చేసిన చట్టాన్ని మార్చడం కష్టం, నియమాన్ని మార్చడానికి ఒక నోటిఫికేషన్ సరిపోతుంది.

దీనికి పూర్తి వ్యతిరేక దిశ నుంచి వచ్చిన పొరపాటు 2024లో కోల్‌కతాలో కనిపించింది. ఆర్జీ కర్ ఆసుపత్రిలో వైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాక పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం వీలైనంత వరకు మహిళలకు రాత్రి విధులు తప్పించాలని సూచించింది. ఆ ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టి, రక్షణ కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని, రాత్రి పనిచేయవద్దని మహిళలకు చెప్పజాలరని స్పష్టం చేసింది. నేరం జరిగినప్పుడల్లా మహిళను ఇంటికి పంపడమే పరిష్కారమనుకునే ఈ ధోరణిని 2007లోనే, మద్యం వడ్డించే చోట్ల మహిళల నియామకంపై ఉన్న నిషేధాన్ని కొట్టివేసినప్పుడు, సుప్రీంకోర్టు తిరస్కరించింది. కాబట్టి పాత నిషేధాన్నే తిరిగి తెమ్మని కోరేవారి వాదన నిలవదు.

నిలిచే వాదన తనిఖీ గురించినది. కొత్త కోడ్‌లో ఇన్‌స్పెక్టరు ‘ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్’ అయ్యాడు, యాజమాన్యానికి సలహాలివ్వడం కూడా అతని విధుల్లో చేరింది. పదిమంది కంటే తక్కువ పనిచేసే చాలా చోట్లకు ఈ కోడే వర్తించదు. ఇక పదిమంది, అంతకు మించి ఉన్న చోట రాత్రి పనికి సమ్మతి ఇవ్వని మహిళకు, లేదా ఇచ్చి కొన్నాళ్లకు వెనక్కు తీసుకున్న మహిళకు ఉద్యోగ రక్షణ ఏమిటన్నది 43వ సెక్షన్‌లో ఎక్కడా లేదు. ఆ మాట రాయవలసింది నియమాలు చేసే ప్రభుత్వాలే. కార్మిక సంఘాలు ఇప్పుడు పట్టుబట్టవలసిన చోటు కూడా అదే.