తుపాకీ ఉన్నోడు సంతకం కోసం ఎందుకు ఆగాడు

చిన్నోడా, బుజ్జితల్లీ,

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి, ఒకళ్ళు చదివేసి రెండోవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పేస్తే కుదరదు, కాస్త పెద్ద ఉత్తరమే ఇది. మొన్న వీడియో కాల్‌లో చిన్నోడు అడిగాడు కదా, "తాతయ్యా, పాకిస్తాన్‌లో ఆర్మీ వాళ్ళు గవర్నమెంట్‌ని దించేశారంట కదా, మన ఆర్మీ దగ్గర కూడా తుపాకులున్నాయిగా, వీళ్ళెందుకు దించరు?" అని. మీ నాన్నేమో "మనది డెమోక్రసీ రా" అనేసి ఫోన్ లాక్కున్నాడు. అదేం జవాబు? 1947 ఆగస్టు దాకా రెండు దేశాలదీ ఒకటే ఆర్మీ, ఒకే అకాడమీలో ట్రైనింగ్ అయి ఒకే మెస్‌లో అన్నం తిన్న ఆఫీసర్లు, పదకొండేళ్ళు తిరిగేసరికి అక్కడో దారి ఇక్కడో దారి ఎందుకైంది అన్నదే కదా వాడి ప్రశ్న.

ముందు నా సంగతి ఒకటి చెప్తా. నేను సికింద్రాబాద్ వైపు ఒక మిలటరీ డిపోలో సివిలియన్ క్లర్కుగా చేశానని మీకు తెలుసుగా, ఏ డిపో అన్నది ఇప్పుడెందుకులే. 1978 జూన్‌లో అనుకుంటా, వాన పడేలా ఉంది, యార్డులో కంబళ్ళ బేళ్ళు పైకప్పు లేకుండా పడున్నాయి, మా మేజర్ సాబ్ టార్పాలిన్లు కొనమని ఫైల్ పంపితే ఆడిట్ వాళ్ళు అబ్జెక్షన్ స్లిప్ పెట్టి తిప్పి పంపారు, మూడు కొటేషన్లు జత చేయలేదు అని. స్లిప్ మీద సంతకం చేసింది నాలాంటి గుమాస్తానే, బక్కపల్చటి మనిషి, సైకిల్ మీద వచ్చేవాడు. మేజర్ సాబ్ 71 యుద్ధం చేసొచ్చిన మనిషి, ఆయన చేతికింద రెండొందల మంది, అయినా టేబుల్ మీద గుద్ది, నాలుగు హిందీ తిట్లు తిట్టి (అవి మీకు రాయను), మళ్ళీ కూర్చుని "కొటేషన్లు తెప్పించు" అన్నాడు. ఆ రాత్రే వాన పడింది, బేళ్ళలో సగం తడిసి ముద్దయిపోయాయి. అప్పుడు నాకు ఆడిట్ వాడి మీద ఒళ్ళు మండింది. చాలా ఏళ్ళకి గానీ రెండో సంగతి బుర్రకెక్కలేదు, ఆ మేజర్ ఆగాడు చూడండి, అలా ఆగడం ఎవరో ఒకరు నేర్పిన అలవాటు.

బ్రిటిష్ టైంలో అలా ఉండేది కాదు. వైస్రాయ్ తర్వాత కమాండర్ ఇన్ చీఫే, అంటే మొత్తం సైన్యానికి అధిపతి, వైస్రాయ్ కౌన్సిల్లో ఆయనకి సొంత కుర్చీ ఉండేది, అంటే ఆర్మీకి ఏం కావాలో అడిగేదీ ఆయనే, ఇద్దామని కౌన్సిల్లో వాదించేదీ ఆయనే. 1946 సెప్టెంబర్ 2న నెహ్రూ తాత్కాలిక ప్రభుత్వం వచ్చినప్పుడు ఆ కుర్చీ బల్దేవ్ సింగ్‌కి ఇచ్చారు, సివిలియన్‌కి. సర్దుబాటు లాగా కనిపించింది గానీ అన్నిటికన్నా పెద్ద మార్పు అదేనని నా లెక్క. తర్వాత 1947 ఆగస్టులో మొదటి ఆర్మీ చీఫ్ జనరల్ లాక్‌హార్ట్ జెండా వందనానికి జనాన్ని దగ్గరికి రానివ్వొద్దని ఆర్డర్ వేస్తే నెహ్రూ దాన్ని రద్దు చేయించి, ఆర్మీలో అయినా ఇంకెక్కడైనా గవర్నమెంట్ పాలసీయే నడవాలని గట్టిగా రాశాడు. ఇంకోటి చూడండి, ఢిల్లీలో తీన్‌మూర్తి భవన్ ఉంది కదా, అది అంతకుముందు కమాండర్ ఇన్ చీఫ్ బంగళా, 1948లో ప్రధానమంత్రి అందులోకి మారాడు. ఇల్లు ఎవరిది అన్నది ప్రతి జవానుకీ అర్థమయ్యే భాష, దానికి సర్క్యులర్ అక్కర్లేదు. చివరికి 1955లో ఆ కమాండర్ ఇన్ చీఫ్ అన్న పేరే తీసేసి ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌ల ముగ్గురు అధిపతులనీ ఒట్టి చీఫ్ ఆఫ్ స్టాఫ్‌లని చేశారు, పైన సుప్రీం కమాండ్ రాజ్యాంగం ప్రకారం రాష్ట్రపతిది. ఇవాళ ప్రోటోకాల్ లిస్టులో చూసినా ఈ ముగ్గురూ కేబినెట్ సెక్రటరీ (సివిలియన్ ఆఫీసర్లలో అందరికన్నా పెద్ద) కంటే ఒక మెట్టు కిందే ఉంటారు.

ఇదంతా తీరిగ్గా కూర్చుని చేసిన పని అనుకునేరు, లేదు. ఆర్మీని అప్పుడే సుమారు రెండు వంతులు మనకి ఒక వంతు వాళ్ళకి అని పంచారు, రెజిమెంట్లు చీల్చారు, ఒకే కంపెనీలో వాళ్ళు ఏడుస్తూ చెరో రైలు ఎక్కారు. గూర్ఖా రెజిమెంట్లు పదైతే ఆరు మనకి నాలుగు బ్రిటన్‌కి. అక్టోబర్‌కల్లా కాశ్మీర్‌లో యుద్ధం మొదలైంది, విచిత్రం ఏంటంటే అప్పుడు రెండు వైపులా ఆర్మీ చీఫ్‌లు బ్రిటిష్ వాళ్ళే, అందరి మీదా సుప్రీం కమాండర్ ఆకిన్‌లెక్, ఆయనా బ్రిటిషే! మన ఆర్మీకి మన మనిషి, కరియప్ప, చీఫ్ అయింది 1949 జనవరి 15న, అందుకే ఆ రోజు ఆర్మీ డే చేస్తారు. ఎయిర్‌ఫోర్స్‌కి 1954 దాకా, నేవీకి అయితే 1958 దాకా ఆగాల్సొచ్చింది, ఎందుకంటే ఓడలు నడిపిన సీనియర్లు మనకి అప్పటికి తయారవ్వలేదు. నేవీకి మొదటి భారతీయ చీఫ్ రామ్‌దాస్ కటారి, రిటైరయ్యాక మన ఆర్టీసీకి చైర్మన్‌గా చేశారాయన, యుద్ధనౌకల నుంచి ఎర్రబస్సుల దాకా అన్నమాట.

సరే, ఇప్పుడు మన ఊరి ముచ్చట. బుజ్జీ, మీ సోషల్ పుస్తకంలో పోలీస్ యాక్షన్ అని ఒక పేరాలో ముగించేసి ఉంటారు. 1948 సెప్టెంబర్ 13న ఆర్మీ నిజాం రాజ్యంలోకి దిగింది, 17న అయిపోయింది, నిజాం సైన్యం కమాండర్ ఎల్ ఎడ్రూస్ మన ఆర్మీ జనరల్ చౌధురికి లొంగిపోయాడు. పేరుకి పోలీస్ యాక్షన్, చేసింది మిలటరీ. తర్వాత మరాఠ్వాడా వైపు ముస్లింల మీద జరిగిన హత్యలు, దాని మీద సుందర్‌లాల్ కమిటీ, అవి కూడా ఈ కథలోవే, కానీ వాటికి ఇంకో ఉత్తరం కావాలి, తప్పకుండా రాస్తా. ఇప్పుడు చెప్పేది ఆ తర్వాతి సంగతి. చౌధురి ఇక్కడ మిలటరీ గవర్నర్ అయ్యాడు. అంటే కలెక్టర్లు, పోలీసులు, ఖజానా, అన్నీ ఒక జనరల్ చేతిలో, అదీ ఏడాదికి పైగా. మా నాన్న చెప్పేవాడు, అప్పట్లో ఏ ఆఫీసుకెళ్ళినా యూనిఫాం మాటే చెల్లేదని. అలాంటి కుర్చీలో కూర్చున్నవాడికి లేవాలనిపిస్తుందా మామూలుగా? కానీ 1949 చివరికి ఆయన లేచి తన ఆర్మీలోకి తను వెళ్ళిపోయాడు, ఆయన స్థానంలో వెల్లోడి అని ఐసీఎస్ ఆఫీసర్, అంటే సివిలియన్, వచ్చాడు, 1952 ఎలక్షన్లయ్యాక బూర్గుల రామకృష్ణారావు గారు ముఖ్యమంత్రి. పైనుంచి వెనక్కి పిలిచే గవర్నమెంట్ గట్టిగా ఉంది, పిలిస్తే వచ్చే జనరల్ ఉన్నాడు, ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా మన కథ ఇంకోలా ఉండేదేమో.

ఎందుకంటే అవతల జరిగింది చూడండి. జిన్నా 1948 సెప్టెంబర్ 11న పోయాడు, ఇక్కడ ఆర్మీ దిగడానికి సరిగ్గా రెండ్రోజుల ముందు. ప్రధాని లియాఖత్ అలీని 1951లో కాల్చి చంపారు. ఆ తర్వాత ఏడేళ్ళలో ఆరుగురు ప్రధానులు మారారు, రాజ్యాంగం 1956 దాకా లేదు, దేశమంతా కలిపి జనరల్ ఎలక్షన్ 1970 దాకా లేదు. 1953లో లాహోర్‌లో అల్లర్లయితే ఆర్మీ వచ్చి మార్షల్ లా పెట్టింది, కొన్ని నెలలే, తర్వాత బారక్స్‌కి వెళ్ళిపోయింది కూడా, కానీ ఊరు నడపడం మనకీ వచ్చు అన్న రుచి నాలిక్కి తగిలింది. 1954లో ఇంకా పెద్ద పొరపాటు, ఆర్మీ చీఫ్‌గా ఉన్న అయూబ్ ఖాన్‌ని అలా యూనిఫాంలోనే డిఫెన్స్ మినిస్టర్‌ని చేశారు. మనవాళ్ళు 1946లో ఏ కుర్చీ లాగేశారో అదే కుర్చీ వాళ్ళు చేతులారా వేసి కూర్చోబెట్టారు! 1958 అక్టోబర్‌లో ఆయన మొత్తం ఇల్లే తీసేసుకున్నాడు. అక్కడి ఆఫీసర్లు చెడ్డవాళ్ళనీ మనవాళ్ళు మంచివాళ్ళనీ చెప్పే వాట్సాప్ మెసేజ్‌లు నమ్మకండి, ఇద్దరూ ఒక తల్లి పిల్లలే. అక్కడ సంతకం పెట్టాల్సినవాడు నిలకడగా లేడు, అంతే తేడా.

ఇంకో కారణం కూడా చెప్తారు, ఆర్మీలో ఎవరెవరున్నారు అన్నది. వాళ్ళకి ఎక్కువ పంజాబీలే మిగిలారు, మనకి అన్ని రకాల వాళ్ళూ ఉన్నారు కాబట్టి ఒకరు పోదాం పదండి అంటే ఇంకొకరు రారు అని. కొంత నిజమే. ఇక్కడ మనవాళ్ళ గురించి ఒక తమాషా సంగతి ఉంది. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు మొదట్లో సిపాయిల్ని మన తెలుగు జిల్లాల నుంచి ఎంతగా చేర్చుకున్నారంటే ఉత్తరాదిలో కంపెనీ సిపాయి అంటేనే తిలంగా అనేవాళ్ళు, 1857లో ఢిల్లీలో తిరుగుబాటు చేసిన అవధ్ వాళ్ళని కూడా ఆ ఊరి జనం తిలంగాలే అన్నారు. అదే ఇంగ్లీషు వాళ్ళు ఆ తర్వాత దక్షిణాది వాళ్ళు పోరాడే జాతులు కాదని సిద్ధాంతం కట్టి మద్రాసు పటాలాలు ఒక్కొక్కటీ ఎత్తేశారు, మళ్ళీ రెండో ప్రపంచయుద్ధానికి మనుషులు చాలక పిలిచారు. మా చిన్నప్పుడు తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం వెళ్తే ఇంటికొక సోల్జర్ కనపడేవాడు, పోరాడని జాతి అంట! స్వతంత్రం వచ్చాక అందరికీ తలుపులు తెరుస్తామన్నారు గానీ జాతుల పేర్లున్న పాత రెజిమెంట్లని అలాగే ఉంచేశారు, ఆ రిఫార్మ్ సగమే అయిందని నా అభిప్రాయం.

బుజ్జీ, నువ్వు మెసేజ్‌లో అడిగావు, "సంతకం పెట్టేవాళ్ళకి ఆర్మీ గురించి ఏమీ తెలియకపోతే?" అని. చిన్నోడి ప్రశ్న కంటే ఇది గడ్డు ప్రశ్న. దానికి జవాబు 1962.

1950ల్లో నెహ్రూ గవర్నమెంట్ డబ్బంతా డ్యాములకీ ఫ్యాక్టరీలకీ పెట్టింది, 1955 డిసెంబర్‌లో నాగార్జునసాగర్‌కి ఆయనే వచ్చి రాయి వేశాడు, అది తప్పని నేననను, ఆ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళమే. తప్పు వేరే చోట జరిగింది. ఆర్మీని ఆపడం బాగా వచ్చింది గానీ అది చెప్పేది వినడం రాలేదు. 1959లో చీఫ్ తిమ్మయ్య రక్షణమంత్రి కృష్ణమెనన్‌తో పడలేక రాజీనామా ఇచ్చి, నెహ్రూ నచ్చజెబితే వెనక్కి తీసుకున్నాడు, పార్లమెంటులో మళ్ళీ నెహ్రూయే ఆయన్ని తప్పుపట్టాడు. 1962 సెప్టెంబర్‌లో చైనా వాళ్ళని ఈశాన్య సరిహద్దులో తాగ్లా కొండ దగ్గర్నుంచి తరిమేయాలన్నారు. నెహ్రూ లండన్‌లో ఉన్నాడు, మెనన్ న్యూయార్క్‌లో, ఢిల్లీలో మీటింగ్ నడిపింది మెనన్ కింద మంత్రిగా ఉన్న మన గుంటూరు ఎంపీ కొత్త రఘురామయ్య గారు. ఇది ప్రమాదం, లదాఖ్‌లో వాళ్ళు తిరిగి కొడతారు అని చీఫ్ థాపర్ చెప్పాడు, వినకపోతే సరే రాసి ఇవ్వండి అన్నాడు. రాసి ఇచ్చారు, మంత్రి కూడా కాదు, జాయింట్ సెక్రటరీ అనే ఆఫీసర్ సంతకంతో! ఒక దేశం మీద యుద్ధానికి దారితీసే కాగితం అది. అక్టోబర్ 20న నామ్‌కా చూ అనే వాగు ఒడ్డున, ఎండాకాలం కాటన్ బట్టల్లో, పాత .303 రైఫిళ్ళతో నిలబడిన బ్రిగేడ్ పొద్దు బాగా ఎక్కేలోపే తుడిచిపెట్టుకుపోయింది. చదివినప్పుడల్లా నాకు మా యార్డులో తడిసిన కంబళ్ళే గుర్తొస్తాయి, అక్కడ తడిసింది కంబళ్ళు కాదు.

దాని తర్వాత మెనన్ పోయాడు, చవాన్ వచ్చాడు, ఆర్మీని 8.25 లక్షలకి పెంచాలని ప్లాన్ వేశారు, కొండల్లో కొట్లాడే మౌంటెన్ డివిజన్లు కట్టారు. ఏం చేయాలో మంత్రులు చెప్తారు, ఎలా చేయాలో ఆర్మీ చూసుకుంటుంది అని రాతలో లేని ఒప్పందం ఒకటి కుదిరింది. కానీ పై నిర్మాణం మాత్రం 1947లో మౌంట్‌బాటన్ దగ్గరున్న లార్డ్ ఇస్మే గీసి ఇచ్చిన కమిటీల మెట్లే, దాన్ని ఎవరూ కదపలేదు. 1999 కార్గిల్ యుద్ధం అయ్యాక దాన్ని సమీక్షించిన సుబ్రహ్మణ్యం గారి కమిటీ ఇదే మాట మొహం మీద చెప్పింది, ఇన్ని యుద్ధాలైనా యాభై రెండేళ్ళుగా పెద్దగా ఏమీ మార్చలేదు అని. ముగ్గురు చీఫ్‌లని కలిపి ఒకే మాట చెప్పే చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు, బిపిన్ రావత్ ఆ పదవిలోకి వచ్చింది 2020 జనవరి 1న. ఎందుకింత లేటు? ఒకే జనరల్ చేతిలో మూడూ పెడితే పాత కమాండర్ ఇన్ చీఫ్ మళ్ళీ వస్తాడేమో అన్న భయం కొంత, ఎవరి కుర్చీ వాళ్ళు వదలకపోవడం ఇంకా ఎక్కువ. అన్నట్టు, మన నేషనల్ సెక్యూరిటీ పాలసీ ఇదీ అని అచ్చేసి జనం ముందు పెట్టిన పుస్తకం ఇవాళ్టికీ ఒకటి లేదు, ఇది విని చిన్నోడు నవ్వుతాడు, నాకు నవ్వు రాదు.

సరే, మీ అమ్మమ్మ భోజనానికి పిలుస్తోంది. టార్పాలిన్లు ఏమయ్యాయని అడుగుతారుగా, మూడు కొటేషన్లతో సహా సంక్రాంతి వెళ్ళాక వచ్చాయి, అప్పటికి వానలే లేవు, మేజర్ సాబ్ ఏమీ అనకుండా రిసీట్ వోచర్ మీద సంతకం పెట్టాడు. పదేళ్ళు వాడి చిరిగాక వేలం వేస్తే అందులో ఒకటి నేను కొన్నా, పెరట్లో కట్టెల మీద కప్పినది అదే, బుజ్జి ఇల్లు కట్టుకుని ఆడేది దాని కింద. రసీదు బీరువాలోనే ఉంది, సెలవులకి వచ్చినప్పుడు చూపిస్తా.

ఉంటా మరి,
తాతయ్య