కరెంటు బిల్లు వెనుక ఖర్చుల లెక్క: అడిగే హక్కు ఎలా వచ్చింది?

విద్యుత్ సంస్థ చూపే ప్రతి ఖర్చునూ జనం మోయనక్కర లేదన్న ఆలోచన మన చట్టాల్లో 1948 నుంచే ఉంది. ఆ ఏటి విద్యుత్ సరఫరా చట్టం, ఆరో షెడ్యూలులో ప్రైవేటు కంపెనీల లాభానికి ‘సహేతుక రాబడి’ అనే హద్దు గీసింది. అంతకు మించి మిగిలితే అందులో కొంత వినియోగదారులకు చేరాలి. 1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు సంగతి వేరు. చార్జీలు బోర్డే నిర్ణయించేది, మాట ప్రభుత్వానిది. 1983 సవరణ స్థిరాస్తులపై కనీసం 3 శాతం మిగులు చూపాలని బోర్డులకు చెప్పింది. కానీ ఎంత కరెంటు తీగల్లో ఆవిరవుతోంది, ఎంత చోరీ అవుతోంది, బొగ్గు ఏ ధరకు కొన్నారు అని బయటివాళ్లు నిలబడి అడిగే చోటే లేదు.

ఆ చోటు సంస్కరణలతో వచ్చింది. ప్రపంచ బ్యాంకు రుణంతో ముడిపడిన ఆ సంస్కరణల్లో భాగంగా 1999 ఫిబ్రవరి 1న బోర్డు జెన్‌కో (ఉత్పత్తి సంస్థ), ట్రాన్స్‌కో (సరఫరా లైన్ల సంస్థ)లుగా విడిపోయింది. అదే ఏడాది చార్జీలు నిర్ణయించే విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడింది. 2000లో నాలుగు డిస్కంలు, అంటే ఇళ్లకు, పొలాలకు కరెంటు అందించే పంపిణీ సంస్థలు వచ్చాయి. ఆ మే నెలలో మండలి ఇచ్చిన మొదటి టారిఫ్ ఉత్తర్వు చార్జీలు పెంచింది. రాష్ట్రం భగ్గుమంది. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ఉద్యమకారులు బలయ్యారు. ఆ గాయం ఇప్పటికీ మానలేదు, మానకూడదు కూడా.

అయితే అదే విధానం సామాన్యుడికి ఒక హక్కునూ ఇచ్చింది. డిస్కంలు ఏటా వచ్చే ఏడాది ఆదాయ అవసరాల నివేదికను మండలికి సమర్పించాలి. కరెంటు కొనుగోలు, జీతాలు, మరమ్మతులు, వడ్డీ, తరుగుదల, పెట్టుబడిపై రాబడి అన్నీ అందులో ఉంటాయి. కొనుగోలు ఖర్చుదే సింహభాగం. బహిరంగ విచారణలో రైతు, చిన్న పరిశ్రమ యజమాని, కార్మిక సంఘం ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. నిర్దేశించిన కరెంటు నష్టాల పరిమితిని డిస్కం దాటితే ఆ భారం వినియోగదారుడిపై వేయకూడదన్నది సూత్రం. నా దృష్టిలో మొత్తం వ్యవస్థకు ఇదే ప్రాణం. కలకత్తా విద్యుత్ సంస్థ కేసులో 2002లో సుప్రీంకోర్టు వినియోగదారుల వాదన వినాల్సిందేనని తేల్చింది. 2003 విద్యుత్ చట్టం దరఖాస్తును బహిరంగంగా ప్రకటించడం తప్పనిసరి చేసింది.

ట్రూ అప్‌తో చిక్కు వచ్చింది. అంచనాకు, అసలు ఖర్చుకు తేడాను తర్వాత రాబట్టుకునే ఏర్పాటు అది. ఖర్చయిపోయి ఏళ్లు గడిచాక జరిగే పరిశీలనకు పదును ఎక్కడుంటుంది? అద్దె ఇల్లు మారిన కుటుంబం పాత అద్దెదారు వాడకానికి డబ్బు కట్టాల్సి రావడం ఏ న్యాయం? 2014–19 కాలానికి సుమారు 3,669 కోట్ల రూపాయల ట్రూ అప్‌ను ఆంధ్రప్రదేశ్ మండలి 2021లో అనుమతించింది. డిస్కంల పిటిషన్లపై బహిరంగ ప్రకటన సక్రమంగా జరగలేదని తేలి, ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. వసూలు చేసిన సొమ్మును తర్వాతి బిల్లుల్లో సర్దాల్సి వచ్చింది. ప్రకటన చిన్న లాంఛనంలా కనిపిస్తుంది గానీ, అడిగే హక్కు మొదలయ్యేది అక్కడే.

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు వినియోగదారుల నుంచి డిస్కంలకు రావాల్సి ఇలా పేరుకున్న పాత బాకీలను 2024 ఏప్రిల్ 1 నుంచి గరిష్ఠంగా 7 ఏళ్లలో తీర్చాలని ఆదేశించింది. వాటిని వసూలు చేయకుండా డిస్కంలు ఏ పరిస్థితుల్లో నెట్టుకొచ్చాయో మండళ్లు గట్టిగా ఆడిట్ చేయాలనీ చెప్పింది.