చల్లగాలి వీస్తున్నా చర్మం ఎందుకు కమిలిపోతుంది?

ఎండ ఎంత గట్టిగా ఉందో మనం వేడిని బట్టి చెప్పేస్తాం, చుర్రుమంటే ఎక్కువ ఎండ, చల్లగాలి వీస్తుంటే ఏం కాదులే అని. చర్మం కమిలే విషయంలో ఈ లెక్క పనికిరాదు. వెచ్చగా తగిలేది ఇన్‌ఫ్రారెడ్, మామూలు వెలుతురు. కమిలిపోయేలా చేసేది అల్ట్రావయొలెట్, అదే యూవీ, అది కంటికి కనపడదు ఒంటికి తెలీదు. అందుకే మంచు కొండల మీద చలికి వణుకుతూనే మొహం మాడ్చుకుని వస్తుంటారు. పైకెళ్లే కొద్దీ ప్రతి 1000 మీటర్లకీ యూవీ దాదాపు 10 శాతం పెరుగుతుంది, దానికి తోడు కొత్తగా కురిసిన మంచు తన మీద పడ్డ యూవీలో 80 శాతం దాకా తిరిగి పైకి కొడుతుంది, దాంతో ఎండే తగలని గడ్డం కింద కూడా కమిలిపోతుంది. మబ్బు పట్టిందని ధీమాగా ఉండటానికీ లేదు, పల్చటి మబ్బుల్లోంచి యూవీ చాలావరకు దిగిపోతుంది.

మరి తెలిసేదెలా? ఫోన్‌లో వెదర్ యాప్ తెరిస్తే యూవీ ఇండెక్స్ అని ఒక అంకె ఉంటుంది, 1992లో కెనడా మొదలుపెట్టిన కొలత ఇది. 3 నుంచి జాగ్రత్త పడాలి, 8 అంటే చాలా ఎక్కువ, 11 ఆపైన విపరీతం. ఫోన్ లేకపోతే మీ నీడ చూస్కోండి. అది మీకంటే పొట్టిగా ఉందంటే సూర్యుడు 45 డిగ్రీలకి పైనున్నట్టు, కిరణాలు గాలిలో తక్కువ దూరం దాటి వస్తాయి కాబట్టి దారిలో ఓజోన్ పీల్చుకునేది కూడా తక్కువే. ఇంత సులువైన కొలత ఉండి కూడా ఎవరూ వాడరెందుకో నాకర్థం కాదు.

ఇంక ట్యాన్ సంగతి, అంటే ఎండకి చర్మం రంగు ముదరడం. ముందు కొంచెం ట్యాన్ అయితే తర్వాత కమలదు అని చాలామంది గట్టిగా నమ్ముతారు, నన్నడిగితే ఎండ గురించి ఉన్న నమ్మకాల్లో ఎక్కువ నష్టం చేసేది ఇదే. యూవీ తగిలినప్పుడు చర్మ కణాల డీఎన్ఏలో పక్కపక్కనున్న థైమిన్ అనే ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఆ దెబ్బని కణం పసిగట్టి కబురు పంపితే అప్పుడు చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారవడం పెరుగుతుంది, అది వచ్చి కణంలో న్యూక్లియస్ మీద గొడుగులా కప్పుకుంటుంది. అంటే డీఎన్ఏ దెబ్బతిన్నాకే ఈ రంగు వస్తోంది, అదీ రెండు మూడు రోజులకి. ఇంతా చేసి అది ఇచ్చే రక్షణ ఎస్పీఎఫ్ (సన్‌స్క్రీన్ డబ్బా మీద ఉండే రక్షణ అంకె) 3, 4 పాటిది. యూవీతో చర్మాన్ని ట్యాన్ చేసే మెషీన్లనైతే 2009లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఖచ్చితంగా క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో, పొగాకు ఉన్న గ్రూపులోనే పెట్టింది. పుట్టుకతో నల్లటి చర్మం ఉన్నవాళ్లకి రక్షణ ఇంతకంటే బాగా ఎక్కువ, అయినా కమలడం ఉంటుంది, కాకపోతే ఎరుపు కనపడదు, మంట, బిగుతు, దురదగా తెలుస్తుంది.

ఎరుపు కూడా వెంటనే రాదు, కొన్ని గంటలు పడుతుంది, ముదిరేది 12 నుంచి 24 గంటల్లో. ఇంకా ఎర్రబడలేదుగా అని ఎండలోనే ఉండిపోయేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

సన్‌స్క్రీన్‌లో ఎస్పీఎఫ్ 30 యూవీబీని, అంటే యూవీలో ఎక్కువగా కమిలించే రకాన్ని, దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98, తేడా అంతే. కాకపోతే ఈ లెక్క చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు రాసినప్పటిది, మామూలుగా మనం రాసేది అందులో సగం కూడా ఉండదు, కాబట్టి అంకె కోసం వెతకడం కంటే ఒత్తుగా రాసుకుని రెండు గంటలకోసారి, చెమట పట్టినా ఈత కొట్టినా వెంటనే మళ్లీ రాసుకోవడం ముఖ్యం. వీపుకి, భుజాలకి అయితే దగ్గరగా నేసిన ముదురు రంగు చొక్కా ఇంకా నయం, అది చెమటకి కారిపోదు.