2002 నాటి షూటర్, ఇప్పటి లినక్స్: చిక్కు ఎక్కడ మొదలైంది?

‘మెడల్ ఆఫ్ ఆనర్: అలైడ్ అసాల్ట్’ అనే పాత విండోస్ ఆటను, విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే వైన్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో తెరిస్తే తరచూ జరిగేది ఇదే: స్క్రీన్ నల్లబడుతుంది, ఒక్క క్షణం ఆగుతుంది, మళ్లీ డెస్క్‌టాప్ ప్రత్యక్షమవుతుంది. ఏమైందో చెప్పే మెసేజ్ కూడా ఉండదు. నేరం వైన్ మీదికి పోతుంది. నాకు తెలిసినంతలో ఇక్కడ వైన్ తప్పు చాలా తక్కువ. అసలు కారణం ఆట పుట్టిన కాలంలోనే ఉంది.

అలైడ్ అసాల్ట్ 2002 జనవరిలో వచ్చింది. తయారుచేసింది అమెరికాలోని తుల్సా నగరానికి చెందిన 2015 అనే స్టూడియో, అమ్మింది ఎలక్ట్రానిక్ ఆర్ట్స్. ఒమాహా బీచ్ లెవెల్ ఆడినవాళ్లెవరూ దాన్ని మర్చిపోరు. ఆ జట్టులోంచి బయటికొచ్చినవాళ్లే ఇన్ఫినిటీ వార్డ్ అనే స్టూడియో పెట్టి మరుసటి ఏడాది ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ తెచ్చారు. రెండు ఆటలకూ పునాది ఐడీ సాఫ్ట్‌వేర్ వారి క్వేక్ 3 ఇంజిన్, అంటే ఆటను లోపలినుంచి నడిపించే మూల సాఫ్ట్‌వేర్.

ఆ ఇంజిన్ ఓపెన్‌జీఎల్ మీద నడుస్తుంది; తెర మీద బొమ్మ గీయమని గ్రాఫిక్స్ కార్డుకు చెప్పే పద్ధతి అది. మొదలవగానే ‘నీకు ఏయే ఎక్స్‌టెన్షన్లు (అదనపు సామర్థ్యాలు) వచ్చు?’ అని గ్రాఫిక్స్ డ్రైవర్‌ని, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌ని అడుగుతుంది. డ్రైవర్ ఆ పేర్లన్నీ ఖాళీలతో విడదీసి ఒకే పొడుగాటి వరుసగా ఇస్తుంది. అప్పటి కార్డులకు ఆ జాబితా చిన్నది. అందుకే దాన్ని దాచుకోవడానికి ఇంజిన్‌లో ఇంతే అని కొలిచి మెమొరీ కేటాయించారు. ఆ తర్వాత ఏటా కొత్త పేర్లు చేరుతూ పోయాయి. ఇప్పటి డ్రైవర్ ఇచ్చే జాబితా ఆ చోటులో పట్టదు. మిగిలిన అక్షరాలు పక్కనున్న మెమొరీ మీద పడతాయి, ఆట కూలిపోతుంది. 2008లో ఓపెన్‌జీఎల్ 3.0 పేర్లను ఒక్కొక్కటిగా అడిగే పద్ధతి తెచ్చింది. కానీ అప్పటికే డిస్కుల మీద అచ్చయిపోయిన ఆటకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

ఈ తెగులు విండోస్‌లోనూ ఉంది. లినక్స్‌లో దానికి మందు ఎవరి చేతికైనా అందుతుంది. ఏఎండీ, ఇంటెల్ కార్డులకు వాడే మీసా డ్రైవర్లు ప్రతి ఎక్స్‌టెన్షన్ పక్కనా అది పుట్టిన సంవత్సరం రాసిపెట్టుకుంటాయి. ఆటను నడిపే కమాండ్‌కు ముందు ‘మీసా ఎక్స్‌టెన్షన్ మ్యాక్స్ ఇయర్’ (MESA_EXTENSION_MAX_YEAR) అనే సెట్టింగ్‌ను 2003గా పెడితే, ఆ తర్వాత పుట్టినవన్నీ ఆటకు కనిపించకుండా దాచేస్తాయి. జాబితా కురచబడుతుంది, మెనూ తెరుచుకుంటుంది. ఎన్విడియా డ్రైవర్‌లోనూ ఇదే పని చేసే సెట్టింగ్ వేరుగా ఉంది. పాత ఆటల కోసం డ్రైవర్ రాసేవాళ్లు ఇంత శ్రద్ధ పెట్టడం నాకు నిజంగా గొప్పగా అనిపిస్తుంది.

రెండో అడ్డు సీడీ రక్షణ. అసలు డిస్కులకు నకళ్లు తీయకుండా సేఫ్‌డిస్క్ అనే తాళం ఉండేది. అది విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో కూర్చునే డ్రైవర్‌తో పనిచేస్తుంది. భద్రతా కారణాలతో మైక్రోసాఫ్ట్ 2015లో ఆ డ్రైవర్‌ని విండోస్ 10లో లేకుండా చేసింది, పాత విండోస్‌లలోనూ ఆపేసింది. కాబట్టి పాత డిస్కుతో కుస్తీ పట్టేకంటే జీఓజీ అనే ఆన్‌లైన్ దుకాణంలో తాళం లేని కాపీ కొనుక్కోవడం మేలు.

ఇక మూడోది 32 బిట్. ఆట 32 బిట్ ప్రోగ్రామ్ కాబట్టి వైన్‌కు చాలాకాలం 32 బిట్ లైబ్రరీలు, అంటే ఆ తరహా ప్రోగ్రాములు ఆధారపడే సిస్టమ్ ఫైళ్లు, తప్పనిసరి. 2019 జూన్‌లో లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు వాటిని తీసేస్తామని ప్రకటించి, వైన్, ఆటల దుకాణం స్టీమ్ వైపు నుంచి అభ్యంతరాలు రాగానే వెనక్కి తగ్గింది. ఆ లైబ్రరీలు లేకుండానే 32 బిట్ ప్రోగ్రాములు నడిపే కొత్త విధానం 2024 జనవరిలో వచ్చిన వైన్ 9.0 నాటికి ప్రయోగాత్మకంగా సిద్ధమైంది.

క్వేక్ 3 సోర్స్ కోడ్‌ను ఐడీ 2005 ఆగస్టులో ఎవరైనా వాడుకుని మార్చుకోగల జీపీఎల్ లైసెన్స్ కింద ఇచ్చేసింది. అలైడ్ అసాల్ట్‌కు ఆ భాగ్యం దక్కలేదు. అయినా అభిమానులు, ఆ క్వేక్ 3 కోడ్‌ నుంచి పుట్టిన ఐఓక్వేక్3 ఆధారంగా ఓపెన్‌మోహా అనే కొత్త ఇంజిన్ రాస్తున్నారు. అది వైన్ అవసరం లేకుండా నేరుగా లినక్స్‌లో నడుస్తుంది. మ్యాపులు, శబ్దాలు ఉన్న పీకే3 ఫైళ్లు మాత్రం అసలు ఆటలోంచే తెచ్చి పెట్టుకోవాలి.